ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర

2001 నవంబరు 18, ఆదివారం. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు జెమిని టీవీలో ‘అమృతం’ అనే హాస్య ధారావాహిక మొదలైంది. సరిగ్గా ఆరేళ్లకు, 2007 నవంబరు 18న, మళ్లీ ఆదివారం నాడే ముగిసింది. మొత్తం 313 భాగాలు. ఆ ఆరేళ్ల ఆదివారాలను లెక్క వేస్తే దాదాపు ఒక్క వారమూ నాగా పడలేదని తేలుతుంది. దాన్ని ఊహించి, రాసి, ఇంకొందరి చేత రాయించి, జస్ట్ ఎల్లో అనే తమ సంస్థ తరఫున తెర మీదికి తెచ్చిన మనిషి గుణ్ణం గంగరాజు. అప్పటికే ‘లిటిల్ సోల్జర్స్’ (1996) సినిమాతో ఆయన పేరు జనానికి తెలుసు. ఇవాళ ముప్పై దాటిన తెలుగువాళ్లను కదిపితే ఆ రోజుల గురించి చెప్పే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఆదివారం భోజనాలు ఎనిమిదిన్నర లోపే అయిపోవాలి. మర్నాడు బడి ఉన్నా సరే, ఆ అరగంట పిల్లల్ని పడుకోమని ఎవరూ గదమాయించరు. కల్యాణి మాలిక్ బాణీ కట్టిన పాట మొదలైతే నడిచిపోయేవాడికి ఒక ఇంటి ముందు పల్లవి, మూడో ఇంటి ముందు చరణం వినబడేవి. సోమవారం పొద్దున ఆఫీసులో, కాలేజీలో, బస్‌స్టాపులో మాట దానితోనే మొదలయ్యేది. ఆ అరగంట ఇప్పుడు లేదు. జోకులు రాసేవాళ్లు కరువై అది పోలేదు, ఇప్పుడు రాసేవాళ్లు అప్పటికంటే చాలామంది ఉన్నారు. రాసేవాడే ఖర్చుకు పూచీ పడటం, వారానికి ఒక్కసారే నవ్వించడం, అవే నాలుగు మొహాలు ఏళ్ల తరబడి కనబడటం అనే మూడూ కలిసిన ఏర్పాటు ఒకటి ఉండేది. పోయింది అదే. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో జి.మాడుగుల వైపు నుంచి పరీక్షించి చూడాలని నా ప్రయత్నం. జి.మాడుగుల అంటే గంగరాజు మాడుగుల, అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు పక్క మండలం. పేర్లు కలవడం యాదృచ్ఛికమే. ఆ కొండల్ని ఎంచుకోవడానికి కారణం వేరు. పల్లపు తెలుగువాళ్లంతా తమదనుకునే ఆ ఆదివారం అక్కడి చాలా ఊళ్లకు అసలు చేరనే లేదు.

ముందు డబ్బు సంగతి. హాస్యం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా దీన్ని దాటేస్తారు, నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైనప్పుడు కార్యక్రమాలన్నీ కేంద్రంలో ఉద్యోగులు తయారుచేసేవే. 1984లో హిందీ ‘హమ్‌లోగ్’తో స్పాన్సర్డ్ ధారావాహికల పద్ధతి వచ్చింది. బయటి నిర్మాత దూరదర్శన్‌కు ప్రసార రుసుము కడతాడు, బదులుగా వచ్చిన కొంత ప్రకటనల సమయాన్ని తానే అమ్ముకుని గిట్టించుకుంటాడు. తెలుగులో ధర్మవరపు సుబ్రహ్మణ్యానికి ఇంటింటా పేరు తెచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ ఆ దూరదర్శన్ రోజుల పంటే. ప్రభుత్వోద్యోగం నుంచి వచ్చిన ఆయన రాసి, తీసి, తానే నటించి, సంభాషణలో దీర్ఘం తీసే ఒక పద్ధతితోనే జనాన్ని నవ్వించారు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. సన్ గ్రూపు చానళ్లలో స్లాట్ల పద్ధతి బాగా స్థిరపడింది. అరగంట స్లాటుకు నిర్మాత రుసుము కట్టాలి, అందులో ఇన్ని నిమిషాల ప్రకటనలు అమ్ముకునే హక్కు అతనిది. నష్టం వస్తే చానల్‌ది కాదు, అతనిదే. ఇది కఠినమైన బేరమే. కానీ ఈ బేరంలో కథ జోలికి వచ్చేవాళ్లు తక్కువ. కట్టాల్సింది కట్టాడు గనక అరగంటలో ఏం చూపాలన్నది నిర్మాత ఇష్టం. ఆ నిర్మాతే రచయిత అయితే మధ్యలో ఒప్పించాల్సిన మనిషే ఉండడు.

రాసేవాడే డబ్బు పెట్టేవాడైతే రాత మారుతుంది. కాగితం మీద ‘పెళ్లి ఊరేగింపు’ అని రెండు మాటలు రాయగానే బ్యాండు మేళానికీ జనరేటర్‌కూ యాభై మంది భోజనాలకూ తన జేబులోంచే పోతుందని అతనికి తెలుసు. అందుకని ఊరేగింపు తెర వెనక్కి పోయి దాని చప్పుడు మాత్రం వినబడుతుంది, కిటికీ దగ్గర నిలబడ్డ ఇద్దరి మాటల్లోకి నవ్వంతా వచ్చి చేరుతుంది. ‘అమృతం’లో ఉన్న సరంజామా ఎంతని? అమృత విలాస్ అనే సాగని హోటలు, అప్పాజీ అనే ఇంటి ఓనరు, ఆయన దగ్గర అద్దెకుండే రెండు జంటలు, హోటల్లో సర్వం అనే కుర్రాడు. హోటలు పెట్టి ఎప్పటికైనా గొప్పవాణ్ణి అయిపోతానని నమ్మే అమృతరావు, వద్దు వద్దంటూనే అతని వెనకాల నడిచే ఆంజనేయులు, వీళ్ల పథకాలు బెడిసికొట్టగానే వీళ్లకంటే ముందు కనిపెట్టే భార్యలు. గుండు హనుమంతరావు ఆంజనేయులుగా, శివన్నారాయణ అప్పాజీగా, వాసు ఇంటూరి సర్వంగా అలా నిలిచిపోయారు. మరి పేరుకు కథానాయకుడైన అమృతరావు? శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్, ముగ్గురు చేశారు ఆ పాత్ర. భార్య సంజీవని పాత్రలోనూ మనుషులు మారారు. సినిమాలో హీరో మారితే సినిమా ఆగిపోతుంది. ఇక్కడ హీరో మారినా మరుసటి ఆదివారం ఎనిమిదిన్నరకు జనం కూర్చున్నారు. వాళ్లను కూర్చోబెట్టింది రాత అనడానికి ఇంతకంటే రుజువు నాకు కనబడదు.

ఆ రాతకు బడి లాంటి ఒక చోటు కూడా ఉండేది. చంద్రశేఖర్ యేలేటి గంగరాజు దగ్గర పనిచేసి, ఆయన నిర్మాణంలోనే ‘ఐతే’ (2003), ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) తీశారు. ‘ఐతే’కి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ‘అమృతం’కి రాసి దర్శకత్వం వహించినవాళ్లలో ఉన్న ఎస్.ఎస్. కాంచి తర్వాత ‘మర్యాద రామన్న’కు పనిచేశారు. హర్షవర్ధన్ ‘మనం’ (2014) లాంటి సినిమాలకు మాటలు రాశారు. వీళ్లందరికీ ఆ అరగంట నేర్పిందేమిటి? ప్రకటనలు పోను ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాల్లో ఒక చిక్కు వేసి, బిగించి, విప్పాలి. విప్పిన తర్వాత అమృతరావు మళ్లీ మొదటి చోటికే రావాలి, ఎందుకంటే వచ్చే వారం అతను మళ్లీ ఆశపడాలి కదా. మళ్లీ వచ్చే ఆదివారం కల్లా ఇంకొకటి. ఆరేళ్లు. సినిమాకు ఒక కథ రాయడానికి ఏడాది తీసుకునే పరిశ్రమలో ఈ కొలువు చేసినవాడికి చెయ్యి తిరుగుతుంది. బ్రిటిష్ టీవీలో జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాసిన ‘ఫాల్టీ టవర్స్’ కూడా నడవని హోటలు కథే. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండు భాగాలు రాసి ఆపేశారు. ప్రతి భాగాన్నీ అంతగా చెక్కారు. అలా చెక్కితే 313 రావు, నిజమే. మన దాంట్లో నీరసంగా నడిచిన వారాలు లేవని ఎవరూ అనలేరు. కానీ విలంబం లేకుండా వారం వారం రావడం కూడా ఒక నాణ్యతే. ఆంజనేయులు మనకు బంధువైంది అద్భుతంగా ఉన్న వారాల వల్ల మాత్రమే కాదు, ఓ మోస్తరుగా ఉన్న వారాల్లోనూ తప్పకుండా వచ్చాడు గనక.

ఇప్పుడు కొండ మీదికి వద్దాం. ఇదంతా ఎవరి జ్ఞాపకం అని జి.మాడుగుల వైపు నుంచి ఎవరైనా అడిగితే జవాబు చెప్పాల్సిందే. ‘తెలుగువాళ్లంతా చూశారు’ అని మనం రాసే వాక్యంలో ఆ ‘అంతా’ ఎక్కడిదాకా? దూరదర్శన్ తరంగాలు తిన్నగా పోతాయి, మధ్యలో కొండ అడ్డొస్తే అవతల బొమ్మ పడదు. పడ్డచోట కూడా ఒకడు పైకెక్కి యాంటెన్నా తిప్పుతుంటే ఇంకొకడు గుమ్మంలో నిలబడి ‘వచ్చింది, పోయింది, ఇంకొంచెం’ అని కేకలు పెట్టాలి. కేబుల్ తీగ లాగాలంటే స్తంభాలు కావాలి. పది ఇళ్లకొక ఊరు, ఊరికీ ఊరికీ మధ్య లోయ ఉన్న చోట ఏ ఆపరేటరూ లాగడు, మండల కేంద్రంతో సరి. చిన్న గొడుగు పెట్టుకుంటే కొండల్లోనూ బొమ్మ వచ్చే డీటీహెచ్‌ను ప్రభుత్వం 2004 డిసెంబరులో ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ పేరిట తెచ్చింది. జెమినిని నడిపే గ్రూపు సొంత డీటీహెచ్ సన్ డైరెక్ట్ రావడానికీ ‘అమృతం’ ఆగిపోవడానికీ మధ్య ఎడం కొద్ది నెలలే. పైగా అప్పట్లో ఎవరెంతమంది చూశారో లెక్కగట్టే రేటింగుల మీటర్లు పట్టణాల ఇళ్లలోనే ఉండేవి. పల్లెలు ఆ లెక్కలోకి వచ్చింది 2015లో బార్క్ అనే రేటింగుల సంస్థ వచ్చాక. అంటే జి.మాడుగులలో ఎవరైనా చూసినా ప్రకటనకర్త పుస్తకంలో వాళ్లు లేరు. పాట రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రి పెరిగింది అనకాపల్లిలో, ఈ కొండలు దిగి వచ్చేవాళ్లు సరుకులకు పోయే ఊళ్లో. పాట పుట్టిన మనసు అంత దగ్గరిది, పాట మాత్రం ఆ కాస్త దూరమూ పోలేదు. కాబట్టి ఆదివారపు ఎనిమిదిన్నరను యావత్ తెలుగు జాతి జ్ఞాపకంగా చెప్పుకోవడం సరికాదు. అది తీగ ఉన్నచోటి జ్ఞాపకం.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. తెలుగు హాస్యం ఈ కొండ మనుషుల్ని చూపించినప్పుడల్లా ఎలా చూపించింది? ఆకులు కట్టి, మొహానికి రంగు పూసి, అర్థంలేని శబ్దాలు పలికించి, పల్లపు హీరో బృందాన్ని స్తంభానికి కట్టేయించే కోయదొరల వేషాలుగా. సినిమాల్లో ఇది దశాబ్దాలు సాగింది, టీవీకీ సంక్రమించింది. భగతలు, కొండదొరలు, కోందులు, వాల్మీకులు ఉండే జి.మాడుగుల ఊళ్లలో తెలుగుతో పాటు కువి వినిపిస్తుంది, ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది. ఒక్కొక్కరు రెండు మూడు భాషల్లో సంత బేరం చేయగలరు. అటువంటి మనుషుల నోట ‘జుంబ జుంబ’ అనిపించి నవ్వడం హాస్యం కాదు, అవమానం. ఉత్తరాంధ్ర యాసకు కూడా చాలాకాలం ఇదే గతి పట్టింది. ఈ లెక్కన చూసినప్పుడు ‘అమృతం’ చేసిన పని నాకు పెద్దదిగా కనిపిస్తుంది. దానిలో నవ్వు పడేది హైదరాబాద్ అద్దె ఇంట్లో ఉండే మధ్యతరగతి మగవాడి మీద, అతని అత్యాశ మీద, పెళ్లాం దగ్గర అతను చెప్పే అబద్ధం మీద. చూసేవాడూ అదే మధ్యతరగతి మగవాడు. పక్కవాడి యాసనో ఒంటి రంగునో ఆసరా చేసుకోకుండా తనవాళ్ల మీద తాను నవ్వి ఆరేళ్లు నిలబడింది. దూరంగా ఉన్నవాణ్ణి వెక్కిరించడానికి పెద్దగా శ్రమ అక్కర్లేదు, ఐదు నిమిషాల స్కిట్ చాలు. తనవాళ్ల మీద వాళ్లే నవ్వుకునేలా రాయాలంటే ఆ మనుషులతో ఏళ్లు గడపాలి.

మన్యానికి ఈ సంగతి టీవీ చెప్పాల్సిన అవసరం లేదు. చైత్రంలో జరిగే ఇటుకల పండుగనే తీసుకోండి. విత్తనాలకు పూజ చేసి, వానలకు ముందు దుక్కికి సిద్ధపడే పండుగ అది. మగవాళ్లు అడవికి వేటకు పోతారు. సాయంత్రానికి ఏదైనా తెస్తే ఊరంతా థింసా ఆట, తుడుము, కిరిడి, మోరి వాయిద్యాల మోత. ఏమీ దొరక్క ఉత్త చేతులతో దిగివస్తే ఊరి మొదట్లోనే ఆడవాళ్లు కాచుకుని ఉంటారు. పేడనీళ్లు చల్లుతారు, బురద కొడతారు, పొద్దున పోయేటప్పుడు కొట్టిన ప్రగల్భాలన్నీ ఎత్తిపొడుస్తారు. ఆ ఒక్క రోజు వాళ్లకు ఆ అధికారం ఉంది. దారికి అడ్డంగా కర్ర పెట్టి, ఆడుతూ పాడుతూ, వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేయడమూ వాళ్ల హక్కే, జీపులో వచ్చే ఆఫీసరుకు కూడా మినహాయింపు లేదు. ఇందులో నవ్వు ఎవరి మీద? సొంత మొగుడి మీద, అన్న మీద, మేనబావ మీద. రేపు మళ్లీ అతనితోనే పొలానికి పోవాలి, అంచేత ఎంత ఎగతాళి చేయాలో కొలత తెలుసు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరమైంది, అడవిలో జంతువూ తగ్గింది. వేట పేరుకు మిగిలింది, దానితో పాటు ఆ ఎగతాళికి ఉన్న పదునూ తగ్గుతూ వచ్చింది. రాత్రంతా సాగే వీధి నాటకంలో హాస్యగాడు కథ మధ్యలో ఆపి, ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్దనే ఆటపట్టించడం కూడా ఇదే కోవలోది. ఆ ఊళ్లో ఆ పెద్దను ఎరగనివాడు లేడు గనక ఆ నవ్వుకు వివరణ అక్కర్లేదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇటుకల పండుగలో నవ్వుకు ఒక తిథి ఉంది, ఆ తిథి దాకా జనం ఆగుతారు. నవ్వు పడే మనిషి అందరికీ తెలిసినవాడు, ఏడాదంతా కళ్లెదుటే ఉంటాడు. నవ్వించే అధికారం నవ్వేవాళ్ల చేతుల్లోనే ఉంది, పైనుంచి ఎవరూ ఇవ్వలేదు. ‘అమృతం’ విషయంలో తిథి ఆదివారం, తెలిసిన మనిషి ఆంజనేయులు, అధికారం రాసి డబ్బు పెట్టినవాడిది. కొండకీ పల్లానికీ మధ్య తీగ లేకపోయినా, హాస్యం నిలబడటానికి కావలసిన సామగ్రి రెండు చోట్లా ఒకటే. వారం అనే కొలత కూడా కొండకు కొత్త కాదు. జి.మాడుగుల చుట్టుపక్కల ఊళ్లకు వారమంటే సంత. మిరియాలు, పసుపు, రాజ్‌మా దించి, ఉప్పు, ఎండు చేప, సబ్బు కొనుక్కుని పోయే ఆ ఒక్క రోజు చుట్టూ మిగతా ఆరు రోజులూ తిరుగుతాయి. పెళ్లి సంబంధం మాట, చావు కబురు, తగువు తీర్పు అన్నీ సంతకు ఆగుతాయి. ఆగడం వల్ల మాటకు బరువు వస్తుంది. కోస్తాలో ఆదివారం రాత్రి టీవీ ముందు కూర్చున్న కుటుంబం ఆరేళ్లపాటు అనుభవించింది కూడా ఆ ఆగడాన్నే.

దీనికి చాలామంది చెప్పే జవాబు ఒకటుంది: పోయిందేముంది, 313 భాగాలూ యూట్యూబ్‌లో ఉన్నాయి, ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. చూసుకోవచ్చు, చూస్తున్నారు కూడా. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లలు సర్వాన్ని గుర్తుపడుతున్నారంటే దాని పుణ్యమే, అందుకు సంతోషించాలి. కానీ అలా మిగిలింది ధారావాహికే గాని నేను చెప్పే ఏర్పాటు మిగల్లేదు. ఒకే రాత్రి పది భాగాలు చూసేవాడికి అమృతరావు పదిసార్లు వరసగా ఓడిపోయినవాడుగా కనిపిస్తాడు, పదో ఓటమికి విసుగొస్తుంది. వారానికొకసారి ఓడినవాడైతే మనలాగే కాలం గడుపుతున్నవాడు. ఇది నా ఊహ మాత్రమే కాదు, ఆ పాత్రల్ని వారం నుంచి విడదీసి చూసిన సందర్భాలు రెండున్నాయి. 2014లో గంగరాజే ‘చందమామలో అమృతం’ పేరుతో సినిమా తీశారు. అవసరాల శ్రీనివాస్, హరీష్‌లను పెట్టి అవే పాత్రల్ని భవిష్యత్తులోకి, చంద్రమండలం మీదికి పంపారు. రచయిత ఆయనే, అప్పాజీగా శివన్నారాయణే, ఖర్చు ఇంకా ఎక్కువ. అది జనానికి ధారావాహిక పట్టినట్టు పట్టలేదు. 2020 మార్చి 25న, ఉగాది నాడు, జీ5లో ‘అమృతం ద్వితీయం’ వచ్చింది. ఎల్బీ శ్రీరామ్ అంతటి నటుడు ఆంజనేయులయ్యారు. దేశమంతా లాక్‌డౌన్ మొదలై జనం ఇళ్లలోంచి కదలని రోజు అది. అంతకంటే తీరిక ఉన్న ప్రేక్షకుణ్ణి ఏ కాలమూ ఇవ్వదు. అయినా మళ్లీ సోమవారం పొద్దుటి మాట పుట్టలేదు, ఎందుకంటే ఎవరు ఎప్పుడు ఎన్ని భాగాలు చూశారో పక్కవాడికి తెలియదు. గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు, ఆయన లేని లోటు కూడా ఉంది, కాదనను. కానీ అమృతరావు ముగ్గురు మారినా నడిచిన కథ, ఆంజనేయులు మారినందుకే చల్లబడిందంటే నేను నమ్మలేను.

వారం వారం వచ్చే హాస్యం ఇప్పుడూ ఉంది కదా, 2013 నుంచి ‘జబర్దస్త్’ నడుస్తోంది కదా అని కొందరంటారు. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. ఆ కార్యక్రమం సినిమా వాళ్లెవరూ తెలియని పేద కుర్రాళ్లకు, మేకప్ సామాను మోసినవాళ్లకు, మిమిక్రీ చేసుకుని బతికేవాళ్లకు వేదిక ఇచ్చింది. వాళ్ల యాసలు వాళ్లవిగానే తెర మీదికి వచ్చాయి. ‘అమృతం’ కాలంలో ఇంత వెడల్పు లేదు, స్లాటు రుసుము కట్టగలిగినవాడికే ఆ తలుపు తెరుచుకునేది, ఇది ఒప్పుకోవలసిన లోపం. అయితే అక్కడ పది నిమిషాల్లో స్కిట్ అయిపోతుంది, మార్కులు పడతాయి, ఆ పాత్ర చచ్చిపోతుంది. వచ్చే వారం కొత్త మొగుడు, కొత్త పెళ్లాం. మార్కులు కావాలంటే నవ్వు వెంటనే రావాలి, వెంటనే నవ్వు తెప్పించే సాధనాలు ఎప్పుడూ అవే: మగవాడికి చీర కట్టడం, లావును అనడం, నలుపును అనడం. రాసే కుర్రాడిది తప్పు అనను, అతనికిచ్చిన గడువు అలాంటిది. పాత్రను పెంచుకునే తీరిక లేనివాడు శరీరం మీదే ఆధారపడతాడు. కాబట్టి వారం ఒక్కటే చాలదు. వారంతో పాటు నిలిచే పాత్ర కావాలి, పాత్ర నిలవాలంటే ఈ వారం నవ్వు తగ్గినా ఫరవాలేదని చెప్పగల మనిషి ఒకడుండాలి. తన డబ్బు పెట్టిన రచయిత తప్ప ఆ మాట ఇంకెవరంటారు? అమెరికాలో నార్మన్ లియర్ 1971లో ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ మొదలుపెట్టినప్పుడు చానల్ పెద్దలు భయపడిన సంభాషణలు తెరకెక్కాయంటే, రాసేదీ నిర్మించేదీ ఆయనే కావడం వల్ల. మన దేశంలో జస్పాల్ భట్టి 1989లో దూరదర్శన్‌లోనే ప్రభుత్వాఫీసుల మీద ‘ఫ్లాప్ షో’ నడపగలిగారంటే కలం, నిర్వహణ రెండూ ఆయన దగ్గరే ఉండటం వల్ల.

యూట్యూబ్ ఈ పనిని మళ్లీ మొదలుపెట్టిందని కూడా వాదించవచ్చు, ఆ వాదనలో సగం నిజం ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ తీసే యువకులు తమ ఊరి గంగవ్వను, తమ ఊరి మాటను దేశదేశాలకు చూపించారు. రాసేదీ వాళ్లే, తీసేదీ వాళ్లే, లెక్కలూ వాళ్లవే. అనుమతి ఎవరి దగ్గరా తీసుకోలేదు. స్లాటు రుసుము కట్టలేనివాడికి ఇది నిజంగా తెరుచుకున్న తలుపు. కానీ ఏ వీడియోను ఎవరి ఫోన్‌లో ఎప్పుడు పైకి తేవాలో నిర్ణయించేది యంత్రం. ఒక్కొక్కడి ఫోన్‌లో ఒక్కొక్కటి వస్తుంది. గుమ్మంలో కూర్చున్న అత్త ఒకటి చూసి నవ్వుతుంది, లోపల కోడలు ఇంకొకటి చూసి నవ్వుతుంది, ఆ రెండు నవ్వులూ కలవవు. కలం, డబ్బుసంచి తిరిగొచ్చాయి. తిథి రాలేదు.

జి.మాడుగుల ఇప్పుడున్నది సరిగ్గా ఈ మలుపు మీద. 2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మారుమూల ప్రాంతాల్లో ఒకేసారి వంద జియో టవర్లు ప్రారంభమయ్యాయి, వాటిలో 85 ఒక్క అల్లూరి జిల్లాలోవే. అంతకుముందు దాకా ఆన్‌లైన్ పాఠానికి పిల్లలు, రేషన్ వేలిముద్ర యంత్రానికి డీలరు, సిగ్నల్ ఎక్కడుంటే ఆ గుట్ట ఎక్కేవారు. వీధి నాటకం రాత్రుల నుంచి నేరుగా చేతిలో ఫోన్‌కు వచ్చేసిన ఊళ్లు ఇవి, మధ్యలో ఆదివారపు అరగంట వీళ్లకు దక్కలేదు. టవర్ల వెంట వచ్చిన హాస్యమంతా పల్లం నుంచి వచ్చినదే, కొన్నింటిలో కోయదొర వేషం ఇంకా ఉంది. ఆ కొండల్లో పుట్టిన కుర్రాడు తన చేతిలోని తెర మీద తన తాత వేషాన్ని వెక్కిరింపుగా చూడాల్సి రావడం నన్ను చాలా బాధిస్తుంది. దీనికి నిషేధాలు మందు కావు. ఇటుకల పండుగ నాడు ఊరి మొదట్లో కాచుకున్న ఆడవాళ్లకున్న తెలివే తెర మీదికి రావాలి. కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, పాడేరు తెలుగులోనో ఐదారు పాత్రలు చాలు. సంతలో ఒక టీ కొట్టు, కాఫీ గింజల తూకంలో గీచి గీచి బేరమాడే షావుకారు, ప్రతి పథకానికీ అర్జీ పెట్టి దేనికీ ఎంపిక కాని ఒక అల్లుడు, వాణ్ణి ఇంటి దగ్గర నిలదీసే భార్య. సంత జరిగిన రాత్రి అరగంట, ప్రతి వారం, మధ్యలో నాగా లేకుండా. పంచాయతీ ఆఫీసు గోడ మీద తెర కట్టి అందరూ ఒకేసారి చూసినా సరే, విశాఖ ఆకాశవాణి నుంచి మాటలుగా వినిపించినా సరే. డబ్బు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఇవ్వొచ్చు, కాఫీ రైతులు చందాలు వేసుకోవచ్చు. కానీ ఆ డబ్బు ఏ అధికారి సంతకం కోసమూ ఆగకుండా రాసేవాడి చేతికే పోవాలి. ఏ వారం ఎవరి మీద నవ్వాలో అతనే తేల్చుకోవాలి. ఐటీడీఏ డబ్బిచ్చిన వారాల్లో ఐటీడీఏ కౌంటరు ముందు అల్లుడు నిలబడ్డ భాగం కూడా ఉండాలి.